దుప్పటి మీద స్పెయిన్

నాకింకా ముప్పై నిండలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని మా అమ్మ అభిప్రాయం. పళ్ళూడి, మనవలు పుట్టాక చేసే పని అది అంటుంది. పోయిన వారం బాపట్లలో ఒక అద్దె ఇల్లు చూసి వచ్చాక మాత్రం పళ్ళున్నప్పుడే రాయడం మంచిదనిపించింది. కొరకడానికి పనికొస్తాయి.

ఇల్లు బాగుంది. ఇంటావిడ ఇంకా బాగుంది. కాఫీ ఇచ్చింది, పెరట్లో నుయ్యి చూపించింది, గాలి ఎటునుంచి వస్తుందో చెయ్యి చాపి చెప్పింది. కాలేజీలో ఏం పాఠాలు చెబుతానో అడిగింది, పెళ్ళెప్పుడని అడిగింది, ఆ రెండో ప్రశ్నకి జవాబు నా కంటే తనకే బాగా తెలిసినట్టు తల ఊపింది. "క్రిస్టియన్సా? అయితే ఏంటమ్మా, మాకలాంటి పట్టింపుల్లేవు," అంది. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ముందేంటి మీరు?" అంది. ముందంటే ఎప్పుడండీ అన్నాను. "అదే, క్రైస్తవంలో కలవక ముందు." "ముందు చిన్నపిల్లనండి," అన్నాను. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. తర్వాత ఉన్న మాట చెప్పాను. నేను గ్లాసు కింద పెట్టేలోగా ఆవిడకి ఒక అల్లుడు పుట్టుకొచ్చాడు. వచ్చే నెల నుంచి ఆ వాటా అతనికే కావాలట. వీధి గుమ్మంలో ఆవిడ కూతురు కనిపిస్తే పలకరించాను. ఒక్కతే కూతురు. ఎనిమిదో తరగతి చదువుతోంది.

మా ఇంట్లో నన్ను నవ్వులమారి కింద జమకట్టారు. అది పొరపాటు. మిగతా వాళ్ళకి కోపం వస్తే అరుపులొస్తాయి, నాకు జోకులొస్తాయి. ఆ రోజు బస్సులో రేపల్లె చేరేదాకా వచ్చిన జోకులు అన్నీ ఇన్నీ కావు. ఒక్కటి కూడా అచ్చుకి పనికిరాదు. వాటి మధ్యలో మా సుగుణత్త, ఆవిడ తిరిగొచ్చిన స్పెయిన్ గుర్తొచ్చాయి. ఆ ప్రయాణం గురించి మా జిల్లాలో చాలామందికి తెలుసు. కానీ వాళ్ళందరికీ చెప్పినవాడు మా నాన్న. ఆయన గుంటూరు దాటి పోయింది లేదు.

అరవైల చివర అత్త జర్మనీ నుంచి వచ్చేసింది. నాన్నకి ఒక్కతే చెల్లెలు. మిషను ఆస్పత్రిలో నర్సు చదువు చదివి, వాళ్ళే పంపితే జర్మనీ వెళ్ళి, అక్కడ కాన్పుల వార్డులో కొన్నేళ్ళు పనిచేసింది. ఆవిడ రావడంతోనే రేపల్లెలో మా ఇంటి వాసన మారిపోయింది. అంతకు ముందు పొద్దున్నే నాన్న ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వాసన, మధ్యాహ్నం అమ్మ వేయించే ఎండురొయ్యల వాసన, సాయంత్రం నాన్న దగ్గరికి ప్రైవేటుకొచ్చే పిల్లల తలల్లో కొబ్బరినూనె వాసన. అత్త వచ్చాక వీటన్నిటి మీదా ఆస్పత్రి సబ్బు వాసన ఎక్కి కూర్చుంది. మోచేతుల దాకా కడిగేది, గోళ్ళ కింద బ్రష్షుతో తోమేది, తాగే నీళ్ళు కుతకుతా మరిగించేది. మా అమ్మ కాసేపు చూసి, "ఉడికాయా సుగుణా, ఉప్పేమైనా వెయ్యనా?" అనేది. నా నాలుక ఎవరి పోలికో మీకు తెలిసిపోయి ఉంటుంది.

జర్మనీ వదిలే ముందు వేసవిలో అత్తా, హిల్డా అనే తోటి నర్సూ కలిసి హిల్డా డొక్కు కారులో స్పెయిన్ అంతా తిరిగారు. ఆ కబుర్లన్నీ మాకు వంటింట్లోనే దొరికాయి. నిజాంపట్నం ఎండురొయ్యలు చాటలో పోసుకుని ముగ్గురం తలకాయలు గిల్లుతూ కూర్చునేవాళ్ళం. అత్త దారి చెప్పేది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి రోడ్డు మీద మనిషి కనిపించడట. కొట్లన్నీ మూసేసి, కిటికీ తలుపులు బిగించుకుని దేశం దేశమంతా పడుకుంటుందట. "మరి తిండి?" అంటే, "రాత్రి పదింటికి," అనేది. "అయితే మీ అన్నయ్య అక్కడ బతకడు," అనేది అమ్మ. బుర్గోస్ అనే ఊళ్ళో పెద్ద గుడిలోకి పోతే చేతులు కనబడకూడదని గుమ్మం దగ్గర ఆడవాళ్ళని ఆపుతున్నారట. హిల్డాని ఆపేశారట. అత్త కొంగు తల మీదుగా భుజాల చుట్టూ కప్పుకునేసరికి సన్యాసిని అనుకుని ఒక ముసలామె చెయ్యి ముద్దు పెట్టుకుందట. "మనం లూథరన్లం, మనలో సన్యాసినులు లేరని చెప్పావా?" అన్నాను. "చెబితే చెయ్యి వెనక్కిచ్చేదో లేదో," అంది. నల్లగా నిగనిగలాడే మూడుమూలల టోపీలు పెట్టుకున్న పోలీసులు దారి పొడుగునా ఇద్దరిద్దరు నిలబడి పాస్‌పోర్టులు అడిగేవాళ్ళట. ఒకచోట టైరు పంక్చరైతే గొర్రెల కాపరి ఒకడు వచ్చి, టైరు సంగతి వదిలేసి, ముందు కుండలో చల్లటి నీళ్ళు పోసి, తర్వాత పుచ్చకాయ కోసి పెట్టాడట. పంక్చరు హిల్డానే వేసుకుందట.

కార్డోబా గురించి చెప్పిన రోజున మాత్రం అత్త రొయ్యలు గిల్లడం ఆపేసింది. సాయంత్రం ఆ ఊరు చేరి ఒక బస ఇంట్లో గది అడగడానికి ముందు హిల్డా వెళ్ళింది. గది ఉందన్నారు. అత్త సంచులు మోసుకుంటూ వెనకాలే వెళ్ళింది. ఇంటావిడ అత్త చీర చూసింది, జడ చూసింది, ఒంటి రంగు చూసింది, గది లేదంది. అక్కడ ఊరూరూ తిరిగే జనం ఉంటారు, హితానోలంటారు, మన దగ్గర సంచార జాతుల్లాగే. వాళ్ళకి ఎవరూ బస ఇవ్వరు. అత్తని వాళ్ళలో మనిషనుకున్నారు. హిల్డా గొడవ పెట్టుకుని పాస్‌పోర్టు తీసి బల్ల మీద పడేసింది. "ఇండియా!" అంది ఇంటావిడ. అంతే, ముఖమంతా నవ్వు. అన్నిటికన్నా మంచి గది, వసారా ఉన్న గది ఇస్తానంది. సంచులు తనే అందుకోబోయింది.

"మరింకేం!" అంది అమ్మ.

"ఇంకేం ఏంటొదినా," అంది అత్త. "నేను మనిషినని కాదు కదా ఇచ్చింది, నేను వాళ్ళలో మనిషిని కాదని. ఆ మంచం మీద పడుకుంటే నేను కూడా ఆవిడతో కలిసి ఇంకెవర్నో గుమ్మంలోంచి పంపించేసినట్టు కాదూ?" ఇద్దరూ కారులోనే పడుకున్నారు. హిల్డాకి మెడ పట్టేసింది. న్యాయం కోసం మెడ పట్టించుకున్న జర్మను మనిషి అంటే నాకు ఆ రోజు నుంచీ గౌరవం.

మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా దూరదేశం పోయొస్తే ఆ సంగతులు నలుగురి ముందూ నిలబడి చెప్పాలి. పోయొచ్చింది మగాడైతే తనే చెబుతాడు. ఆడదైతే ఇంటి పెద్ద చెబుతాడు, ఆవిడ పక్కన కుర్చీలో దండ వేసుకుని కూర్చుంటుంది. చూసిన కళ్ళు ఒకరివి, చెప్పే నోరు ఇంకొకరిది. దీన్ని మావాళ్ళు మర్యాద అంటారు. మా నాన్న మిషను బళ్ళో ఉపాధ్యాయుడు, మంచి గొంతు, పైగా ఆయన పంచె గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే దానంతటదే నిలబడేది. అత్త చేత ఊళ్ళ పేర్లు చెప్పించుకుని, అమ్మకున్న ఒకే ఒక్క మంచి దుప్పటి తీసుకుని దాని మీద స్పెయిన్ గీశాడు. చుట్టూ సముద్రానికి నీలిమందు పూశాడు. "కట్నంలో కూడా ఇంత నీలిమందు రాలేదు, పడుకునేది దేని మీద?" అంది అమ్మ. "విజ్ఞానం మీద," అన్నాడు నాన్న. ఆ దుప్పటి మీద ఊళ్ళన్నీ ఉన్నాయి. బుర్గోస్ ఉంది, మాడ్రిడ్ ఉంది, టొలేడో ఉంది, అక్కణ్ణుంచి ఎర్ర గీత సరాసరి సెవిల్ పోయింది.

"కార్డోబా ఏదన్నయ్యా?" అంది అత్త.

"అది ఎందుకులే అమ్మాయ్. జనం సంతోషంగా వినడానికొస్తారు. మధ్యలో వాళ్ళకి మన గుమ్మాలు గుర్తు చెయ్యడం దేనికి?"

ఆయన ఎందుకు తీసేశాడో అందరికీ తెలుసు. అత్త తెనాలిలో కాన్పుల గది ఒకటి పెట్టుకోవాలనుకుంది. ఆవిడకి వేరే ఆశ లేదు. జర్మనీలో ఉండిపొమ్మన్నా ఉండకుండా వచ్చింది దానికోసమే. తెనాలి స్టేషనుకి దగ్గర్లో వెంకటప్పయ్య గారని వేమూరు వైపు ఆసామి ఒకాయనకి ఒక ఇల్లుంది. వీధి వైపు రెండు గదులు, వసారా, వెనకాల మంచినీళ్ళ నుయ్యి. పల్లెటూళ్ళ నుంచి రైల్లో వచ్చే గర్భిణీలకి దిగీదిగగానే ఉంటుంది. నాన్న పాత శిష్యుడెవరో మాట కలిపాడు. వెంకటప్పయ్య గారు సరేనన్నారు. అయితే ఆ స్పెయిన్ సంగతులేవో తమ మేడ మీద బంధువులందరి ముందూ ఓసారి చెప్పాలని, ఆ సాయంత్రమే తాళాలు చేతికిస్తానని కబురు పెట్టారు. తాళాలకీ స్పెయిన్‌కీ ఏం సంబంధమని అడగడానికి నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, అంటే అడిగినా ఎవరూ జవాబు చెప్పని వయసు.

తెనాలికి ముందు నాన్న రెండుచోట్ల సాధకం చేశాడు. మొదటిది రేపల్లెలో, మా చర్చి పక్క పాకలో. నేను ముందు వరసలో కూర్చున్నాను. పంక్చరైన టైరు నాన్న నోట్లో పడగానే పేలిపోయింది. గొర్రెల కాపరి చేతిలో పుచ్చకాయ కోసే కత్తి కాస్తా బాకు అయింది. ఆ తర్వాత ఎద్దు వచ్చింది. ఎర్రగుడ్డ, కత్తి, రక్తం, జనం కేకలు. అత్త కుర్చీలోంచే, "నేను ఎద్దుల పోటీకి పోలేదన్నయ్యా," అని గొణిగింది. "స్పెయిన్ పోయి ఎద్దుని చూడకపోతే జనం ఊరుకోరమ్మా," అని నాన్న పళ్ళ సందులోంచి అని, మళ్ళీ పొడిచాడు. వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు.

"ఏ జాతి గిత్తండి అది? ఒంగోలా?"

"స్పెయిన్ జాతి."

"చంపేస్తారా?"

"చంపేస్తారు."

"మరి దుక్కికో?" అన్నాడాయన. నాన్న దుప్పటి మీద పక్క ఊరికి జరిగాడు. ఆ పెద్దాయన సభ అయ్యేదాకా ఆ గిత్త కోసం బాధపడుతూనే ఉన్నాడు. ఆ దారంతా తిరిగొచ్చి పక్కనే కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

రెండోది బాపట్లలో, ఉపాధ్యాయుల సమావేశం తర్వాత. అప్పటికి ఎద్దులు మూడయ్యాయి. నేను చెయ్యెత్తి, "రేపల్లెలో ఒకటే గదండీ, మిగతా రెండూ బాపట్ల రైల్లో ఎక్కాయా?" అన్నాను. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, ఇంటికొచ్చాక మాట్లాడలేదు. పోలీసులు పాస్‌పోర్టు అడగడం మానేసి సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టారు. "భారతదేశపు స్త్రీ అనగానే ఏ ఇంటి తలుపైనా బార్లా తెరుచుకునేది!" అన్నాడు నాన్న. అప్పుడు అత్త లేచి నిలబడింది. "అన్ని తలుపులూ కాదండి, కార్డోబాలో..." అని మొదలుపెట్టింది. అధ్యక్షుడు గంట కొట్టాడు. కాఫీలు చల్లారిపోతున్నాయన్నాడు. ఆవిడ మెళ్ళో దండ అలాగే ఉంది. దండ వేసిన మనిషి నోరు విప్పితే సభకి ఎంత ఇబ్బందో ఆ రోజే చూశాను. ఫోటో లేచొచ్చి మాట్లాడినట్టు కంగారు పడ్డారు.

తిరిగొచ్చే దారిలో నాన్న, "తెనాలిలో మాత్రం ఇలా లేవకమ్మా. ఆయన మనల్ని పెద్దకులం నుంచి క్రైస్తవంలో కలిసిన వాళ్ళమనుకుంటున్నారు," అన్నాడు.

"అని నువ్వు చెప్పావా?"

"నేను చెప్పలేదు. ఆయన అనుకున్నారు. కాదని మాత్రం నేను అనలేదు."

అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ కోపం ఆవిరి పట్టిన గిన్నెలాంటిది, మూత కదలదు గానీ దగ్గరికెళితే చెయ్యి కాలుతుంది. నా కోపం అలాంటిది కాదు గనక నేను, "నాన్నా, దుప్పటి మీద ఆ ఊరు తీసేసినంత సులువుగా మా ఇద్దర్నీ కూడా తీసెయ్. ఇంకా బాగుంటుంది," అన్నాను. ఆయన పంచె కుచ్చెళ్ళు సవరించుకున్నాడు. తిడితే బాగుండేది.

తెనాలి మేడ మీద ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. జంపఖానాలు పరిచారు, గోడకి దుప్పటి కట్టారు, ఆడవాళ్ళు తలుపు వెనక కూర్చున్నారు. వెంకటప్పయ్య గారు పెద్దమనిషి, ఆ మాట నేను వెటకారంగా అనడం లేదు. నాన్నని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళారు. అత్తని "అమ్మాయి గారూ" అన్నారు. లాల్చీ జేబులో తాళాలు చప్పుడవుతూ ఉన్నాయి. నాన్న ఆ రోజు మాట్లాడినట్టు జన్మలో మాట్లాడలేదు. కారు ఇంజన్లో మంటలు లేచాయి. వాలెన్సియా వరిచేలు చెబుతూ మన డెల్టాని పొగిడేసరికి వెంకటప్పయ్య గారు తొడ మీద చరుచుకున్నారు. అక్కడి వాళ్ళు అన్నంలో రొయ్యలూ ఆల్చిప్పలూ కలిపి పెద్ద మూకుడులో వండుతారంటే తలుపు వెనక ఆడవాళ్ళు "అయ్యో రామ" అన్నారు. అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎద్దులు ఎన్నో నేను లెక్కపెట్టడం మానేశాను.

సభ అయ్యాక ఉప్మా ప్లేట్లు వచ్చాయి. వెంకటప్పయ్య గారు తాళాలు బయటికి తీసి, వాటిని చేతిలో ఎగరేస్తూ నాన్న పక్కన కూర్చున్నారు. "అబ్బ, ఏం చెప్పారు మాష్టారూ! చదువూ సంస్కారం అనేవి ఊరికే రావండి, రక్తంలో ఉండాలి. మీరూ మా వైపు నుంచి కలిసినవాళ్ళేనట గదా? మా వాడు చెప్పాడు. ముందు మన వాళ్ళేనట గదా?" అన్నారు.

నాన్న ఉప్మా నోట్లో పెట్టుకున్నాడు. ఆయన ఎంతసేపు నమిలాడో! ఉప్మా నమలవలసిన పదార్థం కాదు.

"కాదండి," అంది అత్త.

వెంకటప్పయ్య గారు నవ్వుతూనే ఆవిడ వైపు తిరిగారు.

"మాది ఊరు కాదండి, ఊరి బయట పల్లె. మా తాత పాలేరుగా చేశాడండి, మీ వేమూరు దగ్గరే."

"ఎవరి కింద?" అన్నారాయన, అలవాటు కొద్దీ. అన్నాక ఆయనకే తెలిసినట్టుంది ఏమన్నారో. తాళాలు ఎగరేయడం ఆపారు. పాపం, ఆయన అరవలేదు, తిట్టలేదు, ప్లేట్లు కూడా లాక్కోలేదు. "నాకేం లేదమ్మా," అన్నారు. "నాకు నిజంగా ఏమీ లేదు. ఆ నుయ్యి ఉమ్మడిదైపోయింది చూడండి. వెనక మా తమ్ముడి వాళ్ళు కూడా వాడుకుంటారు. ఆడవాళ్ళున్నారు, ముసలాళ్ళున్నారు..." తాళాలు జేబులోకి వెళ్ళిపోయాయి. మేం మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి, "దుప్పటి మర్చిపోయారు మాష్టారూ," అని ఆయనే మడతపెట్టి ఇచ్చారు. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండేది ఆ మడత తలుచుకుంటేనే. అంచుకి అంచు కలిపి, ఎంత జాగ్రత్తగా మడతపెట్టారో! తిట్టినవాడిని తిరిగి తిట్టొచ్చు. మర్యాదగా దుప్పటి మడతపెట్టి ఇచ్చినవాడిని ఏం చేస్తాం?

స్టేషనుకి నడుస్తున్నప్పుడు నాన్న నోరు విప్పాడు. "ఒక్క నిమిషం ఊరుకుంటే ఇల్లొచ్చేది."

"కార్డోబాలో కూడా ఊరుకుంటే గదొచ్చేదన్నయ్యా."

"అది ఎక్కడో పరాయి దేశం! ఇక్కడ బతకాలి. నీకు ఇల్లు కావాలా, న్యాయం కావాలా?"

"నాకు నుయ్యి కావాలి," అంది అత్త. "కాన్పుకి నీళ్ళు చాలా కావాలి."

మా నాన్న మీద నాకున్న కోపం గురించి కూడా రాయాలి. ఆయన పిరికివాడు కాదు. చిన్నప్పుడు బళ్ళో అందరి వెనకాలా, గుమ్మం బయట కూర్చుని చదువుకున్నవాడు. గుమ్మం లోపలికి రానిచ్చినవాళ్ళని జీవితాంతం సంతోషపెట్టాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు, తనే నేర్చుకున్నాడు. చెల్లెలి ప్రయాణంలోంచి ఒక ఊరు పీకేస్తే తప్ప ఈ ఊళ్ళో ఇల్లు దొరకదని ఆయన నమ్మాడు. చిత్రమేమిటంటే, పీకేసినా దొరకలేదు. అయినా ఆయన ఆ పద్ధతి మార్చుకోలేదు. ఇప్పటికీ చర్చిలో ఎవరైనా స్పెయిన్ అంటే చాలు, మూడు ఎద్దుల్నీ తోలుకొస్తాడు. పోయిన ఏడాది ఒక కుర్రాడు, "మాష్టారూ, మీరు స్పెయిన్ ఎప్పుడెళ్ళారండి?" అని అడిగాడు. నాన్న ఆ మాట సరిదిద్దలేదు. బహుశా ఉప్మా నములుతున్నాడేమో.

అత్త ఆ తర్వాత తెనాలిలోనే, రైల్వే గేటుకి అవతల, ఇటుకల బట్టీ వాళ్ళ దగ్గర పాత కొట్టం ఒకటి పుచ్చుకుంది. చేతిపంపు వేయించింది. కాన్పులకి ఎవరొచ్చినా చేసింది, ఇప్పటికీ చేస్తోంది. స్టేషను వెనక పెద్దకులాల వీధుల నుంచి కూడా వస్తారు, రిక్షాకి పరదా కట్టుకుని. నుయ్యి ఉమ్మడి కాకూడదు గానీ బిడ్డ అడ్డం తిరిగినప్పుడు మా అత్త చేతులు ఉమ్మడే. ఆ రోజుల్లో ఉన్నంత దారుణం ఇప్పుడు లేదంటారు నాతో పనిచేసేవాళ్ళు. నిజమే, అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. అప్పుడు వెంకటప్పయ్య గారు ఉన్న కారణం ఎదురుగా చెప్పారు, నుయ్యి అన్నారు. ఇప్పుడు బాపట్లలో నాకు లేని అల్లుణ్ణి చూపించారు. నాగరికత పెరిగిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? కోపంగా రాస్తున్నాననుకుంటే నిజమే, కోపంగానే రాస్తున్నాను. ఇంకోలా ఎలా రాయాలో చెప్పేవాళ్ళు ముందు వెళ్ళి బాపట్లలో ఒక ఇల్లు అద్దెకి అడిగి రండి.

అయితే ఆ రోజు అక్కడితో అయిపోలేదు. తెనాలి నుంచి సాయంత్రం రేపల్లె బండి ఎక్కాం. పెట్టె నిండా నిజాంపట్నం వైపు చేపలమ్ముకునే ఆడవాళ్ళు, ఖాళీ గంపలు. నాన్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన, మాకేమీ కానివాడిలా కూర్చున్నాడు. జంపని దాటేసరికి ఎదుటి బల్ల మీది నడివయసు మనిషి అత్త మెళ్ళో వాడిపోయిన దండ చూసి, "ఏంటమ్మా, పెళ్ళికూతురివా?" అంది. అత్త దండ తీసి గంపలో వేసింది.

"కాదక్కా, దేశాలు తిరిగొచ్చానని వేశారు."

"ఏ దేశం?"

"స్పెయిన్."

"అక్కడ చేపలుంటాయా?"

అత్త చెప్పడం మొదలుపెట్టింది. సముద్రం ఒడ్డున తెల్లారకముందే చేపల వేలం పాట ఎలా పాడతారో, ఆడవాళ్ళు నెత్తి మీద బుట్టలతో వీధుల్లో ఎలా కేకలేస్తారో చెప్పింది. వేమూరు వచ్చేసరికి బుర్గోస్, కాసేపటికి టొలేడో. ఒక్క ఎద్దు లేదు. పెట్టె చివర్న ఉన్నవాళ్ళు గంపలు జరుపుకుని దగ్గరికొచ్చారు. భట్టిప్రోలు స్టేషన్లో కార్డోబా చెప్పింది. గది ఉందనడం, లేదనడం, పాస్‌పోర్టు చూసి నవ్వడం, అంతా చెప్పింది. నాన్న కిటికీ వైపే చూస్తున్నాడు గానీ మెడ బిగిసిపోయి ఉంది.

"ఆ ముండ మొహాన ఉమ్మావా లేదా?" అంది ఎదుటి మనిషి.

"లేదక్కా."

"ఎందుకని?"

"మర్యాద నేర్పారు గదా చిన్నప్పటి నుంచీ."

"తగలెయ్ ఆ మర్యాద," అంది ఆవిడ. పెట్టె మొత్తం అవునంది. నేను కూడా అన్నాను, అందరికన్నా గట్టిగా.

ఆ తర్వాత అత్త మాకు వంటింట్లో కూడా చెప్పని సంగతి ఒకటి చెప్పింది. కారులో పడుకుని లేచిన పొద్దున, ఏటి వంతెన దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఆ తిరిగే జాతి ఆడవాళ్ళు కొందరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చారట. అత్త జడ పట్టుకు చూశారు, చీర కుచ్చెళ్ళు చూశారు, వాళ్ళ భాషలో ఏదో అడిగారు. ఏ ఊరిదానివి, ఎవరి పిల్లవి అని అడుగుతున్నట్టు తెలుస్తూనే ఉందట. పాస్‌పోర్టు సంచిలోనే ఉంది. "తియ్యలేదక్కా," అంది అత్త. "వాళ్ళలో దాన్నే అనుకున్నారు. తల ఊపాను. రొట్టె విరిచి సగం ఇచ్చారు. అక్కడే కూర్చుని తిన్నాను."

బండి నెమ్మదించింది. రేపల్లె వచ్చేసింది, దాని తర్వాత పట్టాల్లేవు. జనం గంపలు ఎత్తుకోవడానికి కూడా కదల్లేదు. నాన్న లేచి, దుప్పటి చంకలో పెట్టుకుని, గొంతు సవరించుకుని, "ఇక పదండి, దిగండి," అన్నాడు.

"నువ్వు దిగన్నయ్యా," అంది అత్త, వెనక్కి చూడకుండా. "నేనింకా సెవిల్ చేరలేదు."